ఆ బీరువా ఒక్కసారి తెరవండి: పంచాయతీ సమితుల రికార్డుల గురించి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పంచాయతీరాజ్ శాఖల పెద్దలకు, జిల్లా పరిషత్ సీఈవోలకు, ముఖ్యంగా మండల ఆఫీసుల్లో పనిచేస్తున్న ఎంపీడీవోలకు,

నమస్కారం.

నేను రిటైరైన టీచర్ని. మా నాన్న కూడా టీచరే, సమితి స్కూలు మాస్టారు. ఈ మాట అంటే ఇప్పటి పిల్లలు "సమితి ఏంటి?" అని అడుగుతున్నారు. మండల పరిషత్తులు రాకముందు పల్లెల పనులు చూసిన పంచాయతీ సమితి అది. మీలో చాలామంది ఉద్యోగంలో చేరేనాటికే ఆ పేరు బోర్డుల మీద నుంచి పోయింది. మా ఊళ్లో అరవై దాటినవాళ్లు మాత్రం మండల పరిషత్ ఆఫీసుని ఇవాళ్టికీ సమితి ఆఫీసు అనే అంటారు. ఇంకా పెద్దవాళ్లయితే బ్లాకాఫీసు అంటారు. పేరు నోళ్లలో ఉంది గానీ, ఆ సమితి రాసిపెట్టుకున్న కాగితాలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. ఈ ఉత్తరం ఆ కాగితాల గురించే.

పోయిన ఎండాకాలం నాకు ఒక పని పడింది. మా నాన్న మొదట పాఠాలు చెప్పిన స్కూల్లో పిల్లలు తగ్గిపోయి, దాన్ని పక్క ఊరి స్కూల్లో కలిపేశారు. గదికి తాళం వేశారు. కొన్నాళ్లకు ఆ స్థలం మాదంటే మాదని ఇద్దరు బయల్దేరారు. ఆ స్థలం ఎవరిచ్చారో ఊరందరికీ తెలుసు. 1960ల్లో ఒక రైతు స్కూలు కోసం నోటిమాటగా ఇచ్చాడు, ఊరివాళ్లు రాళ్లు మోసి గోడలు కట్టుకున్నారు, పైకప్పుకి సమితి డబ్బిచ్చింది. రిజిస్ట్రేషన్ చేయించాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు. "సమితి మీటింగులో తీర్మానం చేశారమ్మా, నేను చదివాను" అని నాన్న బతికుండగా చాలాసార్లు చెప్పాడు. ఆ తీర్మానం దొరికితే చాలనుకున్నాను.

మా మండల ఆఫీసుకి వెళ్తే, "మా దగ్గర 1987 తర్వాతవే ఉన్నాయమ్మా" అన్నారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. మా సమితి కేంద్రం ఇప్పుడు వేరే మండలంలో ఉంది. అక్కడికి వెళ్లాను. ఆ ఊరి పేరు గానీ ఆఫీసు పేరు గానీ రాయను, ఎందుకంటే ఇది ఒక్క ఆఫీసు తప్పు కాదు. అక్కడి అటెండరు మంచివాడు. మధ్యాహ్నం భోజనం మానుకుని వెనక గది తెరిచాడు. లోపల విరిగిన కుర్చీలు, పాత ఎన్నికల బ్యాలెట్ డబ్బాలు, వాటి వెనక ఒక ఇనప బీరువా. తలుపు బిగుసుకుపోయింది, ఇద్దరం కలిసి లాగితే వచ్చింది. కింది అరలో ఎర్రగుడ్డ కట్టలు. పట్టుకోగానే ఒక కట్ట చేతుల్లోనే పొడిపొడిగా రాలిపోయింది. అంతా చెదమట్టి.

నాలుగో కట్టలో మినిట్స్ పుస్తకం దొరికింది. నల్ల అట్ట, లోపల గుండ్రటి చేతిరాత, నీలం సిరా గోధుమరంగుకి తిరిగింది. "హరిజనవాడకు మంచినీటి బావి మంజూరు చేయవలెనని సర్పంచిగారు ప్రతిపాదించగా... ఏకగ్రీవముగా ఆమోదించడమైనది." కింద వరసగా సర్పంచుల సంతకాలు, మధ్యలో ఒక వేలిముద్ర. ఆ వేలిముద్ర పక్కన ఎవరిదో పేరు రాశారు, అదే చేతిరాతతో. సంతకం రాని ఒక సర్పంచి అరవై ఏళ్ల కిందట ఆ హాల్లో కూర్చుని, ఒక బావి కోసం చెయ్యెత్తాడు. ఆ పేజీ చూస్తూ చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

మా స్కూలు తీర్మానం కూడా దొరికింది. దాత పేరు ఉంది. ఊరి పేరు ఉంది. "సర్వే నంబరు 1" అని ఉంది, ఆ ఒకటి తర్వాత ఏముందో చెదలు తినేసింది. ఆ పేజీ కింది మూల మొత్తం లేదు.

ఫోటోలు తీసుకుని వచ్చేస్తుంటే అటెండరు చెప్పాడు: "ఈ బిల్డింగు పడగొడతారంటమ్మా. ఈ పాత పేపర్లు చిత్తుకి వేసేస్తారేమో." ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

సమితి అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా ఇది చదవొచ్చు కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను.

మన పల్లెలకు సొంత ఖజానా అనేది కొత్త సంగతి కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871 లోకల్ ఫండ్స్ చట్టంతో భూమి శిస్తు మీద రూపాయికి అణా దాకా సెస్సు వేసి, ఆ డబ్బుతో రోడ్లు, సత్రాలు, ఆసుపత్రులు, బళ్లు నడిపారు. కోస్తాలో పెద్దవాళ్లు "లోకల్‌ఫండు ఆసుపత్రి" అనేది అందుకే. 1884లో జిల్లా బోర్డులు, వాటి కింద తాలూకా బోర్డులు వచ్చాయి. 1920 చట్టంతో వాటిలో ఎన్నికైనవాళ్ల బలం పెరిగింది. 1934లో తాలూకా బోర్డులు రద్దయి, పల్లెల పనులన్నీ మళ్లీ జిల్లా బోర్డు చేతికి వెళ్లాయి. తెలంగాణలో నిజాం ఏలుబడి కింద స్థానిక పాలన వేరే దారిన నడిచింది. 1956లో ఒకే రాష్ట్రం అయినా, పల్లెపాలన చట్టాలు మాత్రం ఆంధ్రకొకటి, తెలంగాణకొకటి.

1957లో కేంద్రం వేసిన బల్వంతరాయ్ మెహతా కమిటీ ఒక మాట చెప్పింది. పల్లెల బాగు కోసం 1952లో మొదలైన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం అధికారుల చేతుల్లోనే ఉండిపోయింది, జనం చేతికివ్వండి, బ్లాకు (ఆ పథకం కోసం కలిపిన ఊళ్ల గుంపు) స్థాయిలో ఎన్నికైన సంస్థ పెట్టండి అని. మన రాష్ట్రం 1958లో జిల్లాకొకటి చొప్పున ప్రయోగం చేసి చూసింది. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. ఇలాంటి సంస్థలు ముందు రాజస్థాన్‌లోని నాగౌర్‌లో మొదలయ్యాయి, ఆ తర్వాత మనదే. మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌కు నెహ్రూ స్వయంగా వచ్చి ప్రారంభించారు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా పల్లెలన్నిటికీ ఒకే రకం స్థానిక సంస్థ దొరకడం అదే మొదలు. గ్రామ పంచాయతీలకు ఉమ్మడి చట్టం కూడా 1964లో గానీ రాలేదు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంతో అయిపోతుంది. నా లెక్కలో అది చాలా పెద్ద సంగతి.

సమితిలో ఆ బ్లాకులోని సర్పంచులందరూ సభ్యులు. వాళ్లతో పాటు కో-ఆప్ట్ చేసుకున్న, అంటే సభ్యులే ఎంచుకుని చేర్చుకున్న మహిళలు, షెడ్యూల్డ్ కులాల, తెగలవాళ్లు. పైన ప్రెసిడెంటు, ఆఫీసుకి బీడీవో, అంటే బ్లాక్ డెవలప్‌మెంట్ ఆఫీసరు. వ్యవసాయానికి, పశువులకి, సహకార సంఘాలకి, ఇంకా అలాంటివాటికి ఎక్స్‌టెన్షన్ ఆఫీసర్లు. ఊళ్లు తిరగడానికి పదిమంది గ్రామసేవకులు, ఇద్దరు గ్రామసేవికలు. బ్లాకు మొదటి దశలో అయిదేళ్లకి 12 లక్షలు, రెండో దశలో మరో అయిదేళ్లకి 5 లక్షలు, ఇదీ కేటాయింపు. ఇవాళ ఒక సిమెంటు రోడ్డుకి సరిపోని ఆ డబ్బుతో వంద ఊళ్ల దాకా చూడాలి. అందుకే ప్రతి పనికీ జనం వాటా అడిగేవాళ్లు. డబ్బు లేనివాళ్లు కూలిగా వచ్చేవాళ్లు. మా స్కూలు గోడ అలాగే లేచింది.

గ్రామసేవిక గురించి ఒక్క మాట చెప్పాలి. మా ఇంటికి వచ్చే ఆవిడ ఎప్పుడూ ఖద్దరు చీర కట్టుకుని, చేతిసంచితో వచ్చేది. మహిళా మండలిలో కుట్టుమిషను నేర్పింది. పొగ రాని పొయ్యి ఎలా కట్టాలో మా అమ్మకి మట్టి కలిపి చూపించింది. ఒంటరిగా ఊరూరా తిరిగే ఆడమనిషిని అప్పట్లో ఊళ్లో ఎన్ని మాటలన్నారో నేను విన్నాను. ఆవిడ ఎప్పుడు ఏ ఊరు వెళ్లింది, ఎవరికి ఏం చెప్పింది అన్నది డైరీలో రాసుకునేది. ప్రతి నెలా ఆ డైరీ ఆఫీసుకి ఇవ్వాలి. అలాంటి డైరీలు రాష్ట్రమంతా ఎన్ని వేలు ఉండి ఉంటాయి? 1960ల్లో తెలుగు పల్లె ఎలా ఉండేదో ఒక ఆడమనిషి కళ్లతో చెప్పే కాగితాలు అంతకన్నా మంచివి నాకు తెలిసి ఇంకెక్కడా లేవు. ఆ బీరువాలో ఒక్కటి కూడా దొరకలేదు.

సమితి అంతా బంగారం అని నేను అనను. నాన్న బదిలీల బాధ చూసిన పిల్లని నేను. ప్రైమరీ స్కూళ్లు సమితి చేతిలో ఉండేవి, టీచర్ల మీద ప్రెసిడెంటుకి గట్టి పట్టు. ఊళ్లో పెద్దమనిషి పిల్లాణ్ణి కొట్టాడని ఒకసారి, ఎన్నికల్లో ఎవరికో పనిచేయలేదని ఇంకోసారి, మా నాన్నని సమితి ఆ చివరికి విసిరేశారు. రెండోసారి నాకు టైఫాయిడ్. మంచం మీద ఉన్న నన్ను ఎద్దులబండిలో ఎక్కించి తీసుకెళ్లారు. జీతాలు నెలల తరబడి రాని రోజులున్నాయి. టీచర్ల సంఘాలు అంత బలంగా పెరగడానికి ఈ కష్టాలు కూడా ఒక కారణం. ఎన్నికలు కూడా సమయానికి జరగలేదు, 1970 తర్వాత మళ్లీ 1981 దాకా ఆగాల్సి వచ్చింది. ఇవన్నీ చరిత్రలో భాగమే. బావి మంజూరు చేసిన తీర్మానం ఎంత ముఖ్యమో, మా నాన్నని బదిలీ చేసిన ఉత్తర్వు కూడా అంతే ముఖ్యం. రెండూ ఆ బీరువాలోనే ఉండాలి.

ఇక సమితి ఎలా పోయిందో చెప్తాను. రికార్డుల కష్టం మొదలైంది అక్కడే.

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో కరణాలు, మునసబుల, పటేల్ పట్వారీల వ్యవస్థను రద్దు చేసింది. 1985 మేలో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలు వచ్చాయి. 1986 చట్టంతో సమితుల చోట మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి, 1987లో వాటికి నేరుగా ఎన్నికలు జరిగాయి. మూడు వందల పైచిలుకు సమితులు, వాటి బదులు 1,104 మండలాలు. అధికారం జనానికి దగ్గరైంది, వెనకబడిన తరగతులకీ మహిళలకీ మండలాధ్యక్ష పదవుల్లో రిజర్వేషన్ వచ్చింది. మంచి పని, నేను దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఒక్కసారి లెక్క చూడండి. ఒక్కో సమితి మూడు నాలుగు మండలాలైంది. బీరువా మాత్రం ఒక్కటే! అది సమితి ఆఫీసు ఉన్న ఊళ్లోనే, ఆ ఒక్క మండలం ఆఫీసులోనే ఉండిపోయింది. మిగతా రెండు మూడు మండలాలు కొత్త కుర్చీలతో, ఖాళీ ర్యాకులతో మొదలయ్యాయి. కాబట్టి ఇవాళ మన ఊళ్లలో ఎక్కువ భాగానికి 1987కి ముందు తమ ఊరి సంగతి తమ మండల ఆఫీసులో దొరకదు. సమితి కేంద్రంగా ఉన్న మండలానికేమో ఆ కాగితాల్లో ఉన్న ఊళ్లలో చాలావరకు తమవి కావు, కాబట్టి వాటి మీద పట్టింపు లేదు. ఎవరిదీ కాని ఆస్తి అయిపోయింది అది. చెదలకి తప్ప.

ఆ తర్వాత విభజనలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. మండలాలు కూడా వందకు పైగా పెరిగాయి. షాద్‌నగరే చూడండి, నెహ్రూ వచ్చినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు రంగారెడ్డి జిల్లా. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు కథ వేరే ఉంది. ప్రకాశం జిల్లానే తీసుకోండి. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి వైపు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి వైపు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు తీసి 1970లో ఆ జిల్లా చేశారు. 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. దర్శి వైపు ఒక ఊరి స్కూలు 1962లో కట్టారనుకోండి. దాని తీర్మానం ఒకచోట, జిల్లా పరిషత్ మంజూరు కాగితం మరో జిల్లాలో, టీచరు సర్వీసు రిజిస్టరు ఇంకెక్కడో. మూడూ కలిపి చూసే మనిషి ఎక్కడ? ఆ దారి తెలిసిన పాత హెడ్ క్లర్కులు, సూపరింటెండెంట్లు రిటైరైపోయారు, చాలామంది పోయారు కూడా.

ఇది పాత కాగితాల మీద మమకారం మాత్రమే అనుకోకండి. మన ఊళ్లలో స్కూలు స్థలాలు, పశువుల ఆసుపత్రుల స్థలాలు, మహిళా మండలి భవనాలు, మంచినీళ్ల బావులు, చాలావాటికి సమితి తీర్మానం తప్ప వేరే ఆధారం లేదు. స్కూళ్లు మూతపడుతున్నకొద్దీ ఆ స్థలాల మీద కన్ను పడుతోంది. ప్రభుత్వ ఆస్తిని కాపాడాల్సిన బాధ్యత మీది. దానికి సాక్ష్యం మీ వెనక గదిలోనే ఉంది.

ఆఫీసు కాగితాలకి మనకో పాత పద్ధతి ఉంది, అది మీకు నాకన్నా బాగా తెలుసు. పని ముగిసిన ఫైలు మీద ఆర్.డిస్. అని వేస్తే ఎప్పటికీ ఉంచాలి, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. దశాబ్దాల కిందట ఎవరో గుమాస్తా ఆలోచించి, ఇది ఉండాలి, ఇది అక్కర్లేదు అని అక్షరం వేశాడు. ఆ అక్షరానికి విలువ ఇవ్వమని అడుగుతున్నాను. మినిట్స్ పుస్తకాలు, ఆస్తుల రిజిస్టర్లు, గ్రాంట్ల క్యాష్ బుక్కులు, స్థాయీ సంఘాల తీర్మానాలు ఎల్.డిస్. కాగితాలతో కలిపి తూకానికి వెళ్లిపోకూడదు.

నేను అడిగేది పెద్ద పని కాదు. ముందు ఒక్క ఉత్తర్వు ఇవ్వండి: 1987కి ముందు కాగితం ఏదీ, జాబితా రాసి జిల్లా పరిషత్‌కి పంపకుండా, పడేయకూడదు, అమ్మకూడదు. భవనం పడగొట్టే ముందు అయితే ఇది తప్పనిసరి చేయండి. ఇందుకు బడ్జెట్ అక్కర్లేదు, సంతకం చాలు. తర్వాత, పాత సమితి కేంద్రాలు ఏవేవో, ఏ ఊరు ఏ సమితి కింద ఉండేదో, ఆ కాగితాలు ఇప్పుడు ఏ మండలంలో ఉన్నాయో ఒక పట్టిక తయారు చేయించి అందరికీ కనపడేలా పెట్టండి. నేను ఆఫీసుల చుట్టూ తిరిగిన మూడు వారాలు, ఆ పట్టిక ఉండి ఉంటే, ఒక్క పూటలో అయిపోయేవి. స్కానింగ్ గురించి కూడా అడుగుతాను. ప్రతి మండలంలోనూ ఇప్పుడు కంప్యూటరు ఉంది, ఆపరేటరు ఉన్నాడు, ఫోన్లో కెమెరా ఉంది. ఒక మినిట్స్ పుస్తకం ఫోటో తీయడానికి ఒక రోజు చాలు. నేను తీసి చూశాను కాబట్టి చెప్తున్నాను. మరీ పాడైపోయినవాటిని మాత్రం దయచేసి మామూలు సెల్లోటేపుతో అతికించొద్దు, అది కాగితాన్ని ఇంకా పాడుచేస్తుంది. హైదరాబాద్ తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌లో ఆ పని తెలిసినవాళ్లు ఉన్నారు, వాళ్లని పిలవండి.

మనుషులు కూడా ఉన్నారు, ఇంకొన్నాళ్లే ఉంటారు. 1981లో గెలిచిన సర్పంచులకి ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు. గ్రామసేవికలు, బీడీవో ఆఫీసు టైపిస్టులు, జీపు డ్రైవర్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఒక కుర్రాణ్ణి, ఫోను రికార్డరు ఆన్ చేసి పంపండి. ఏ రోడ్డు ఎందుకు ఆ ఊరికి ముందు పడిందో, ఏ బావి దగ్గర ఏ గొడవ జరిగిందో మినిట్స్‌లో రాయనివి వాళ్లు చెప్తారు. డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలకు ప్రాజెక్టు వర్కుగా ఇవ్వొచ్చు. మా పాత విద్యార్థుల్లో ఇద్దరు ఇప్పటికే మొదలుపెట్టారు.

ఎంపీడీవో గారూ, ఇక మిమ్మల్నే అడుగుతున్నాను. మీకు మీటింగులు, వీడియో కాన్ఫరెన్సులు, టార్గెట్లు, పైనుంచి టెన్షన్, అన్నీ ఉన్నాయని తెలుసు. ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. రేపు ఉదయం ఆఫీసుకి వెళ్లగానే మీ అటెండర్ని పిలిచి, వెనక గదిలో ఇనప బీరువా ఉందా అని అడగండి. ఉంటే తెరిపించండి. కింది అరలో ఉన్న కట్టల్ని పై అరకి మార్పించండి. వానాకాలం వస్తోంది, నీళ్లు ముందు కింది అరకే చేరతాయి.

మా స్కూలు స్థలం సంగతి ఇంకా తేలలేదు. సర్వే నంబరులో మిగతా అంకెల కోసం జిల్లా పరిషత్ పాత మంజూరు రిజిస్టరు వెతుకుతున్నాను. మీలో ఎవరికైనా 1962 నుంచి 1965 దాకా ప్రైమరీ స్కూలు భవనాల గ్రాంట్ల రిజిస్టరు కనపడితే, అది ఏ జిల్లాదైనా సరే, దాచి ఉంచండి. నాలాగే ఇంకెవరో దానికోసం తిరుగుతూ ఉంటారు.

ఇట్లు,
ఒక సమితి స్కూలు మాస్టారి కూతురు